బంజరు అని రాసిన నేల మీద మేం చూసిన పిట్టలు

 

జనవరిలో మేం ఆరుగురం రాజస్థాన్ పోయి వచ్చి గ్రూపులో ఫోటోలు పెట్టినప్పటి నుంచి రెండే ప్రశ్నలు వస్తున్నయి. ఒకటి, "పిట్టల కోసం అంత దూరమా? మన అడవిల లేవా?" రెండోది, "స్కాలర్‌షిప్ పైసలు గిట్ల పెడతారా?" రెండోదానికి జవాబు చిన్నదే. స్లీపర్ టికెట్లు, ధర్మశాలలో బస, షేర్ జీపులు, అక్కడ తిరిగింది నాలుగు రోజులు. ఒక్కొక్కరికి ఆరు వేల లోపే అయింది. బైనాక్యులర్ ఒకటే, అదీ సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకున్నం. మొదటి ప్రశ్నకు జవాబే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చివర్ల మీతో పని ఉంది.

మేం ఆరుగురం హైదరాబాద్‌లో చదువుకుంటున్నోళ్లం. ఇద్దరు గోండులు, ఒక కోలాం తమ్ముడు, ఇద్దరు లంబాడా ఆడపిల్లలు, నల్లమల దిక్కు నుంచి ఒక చెంచు అన్న. బయట మన మధ్య నడిచే పంచాయితీలు మాకు తెలువనివి కావు. రైల్లో రెండుసార్లు గట్టిగనే వాదించుకున్నం. అయినా ఒకే టిఫిన్ డబ్బాలో తినుకుంటనే పోయినం.

ఈ ప్రయాణం మొదలైంది చెంచు అన్న వల్ల. నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు అని ఒక అభయారణ్యం ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో పెట్టినరు. అన్న వాళ్ల తాత వయసులో ఉన్నప్పుడు అడవి దిగి ఆ గడ్డి మైదానాల దిక్కు కూలికి పోయేటోడు. మనిషి నడుము దాటి ఎత్తుండే పిట్ట, పెద్దమనిషి లెక్క మెల్లగా నడుచుకుంట పోయేదని చెప్పేటోడట. ఇప్పుడు రోళ్లపాడులో బోర్డు ఉంది, జింకలున్నయి. బట్టమేక పిట్ట మాత్రం చాలా ఏళ్లుగా కనబడుతలేదు. గడ్డి భూములు సాగులోకి పోయినయి, కాలువలు వచ్చినయి, వేట కూడా నడిచింది. దేశం మొత్తంలో ఇప్పుడు సుమారు 150 మిగిలి ఉంటయని అంచనా. అందులో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని థార్ ఎడారిలోనే. "తాత చూసిండు, నేను చూడలే, నా పిల్లలు పేరు కూడా వినరు" అన్నడు అన్న. అట్ల పోయినం.

మొదటి మజిలీ ఖీచన్. జోధ్‌పూర్ నుంచి ఫలోదీ పోయి, అక్కణ్నుంచి ఆటోలో కొద్ది దూరం. ఖీచన్ మామూలు ఊరు. చలికాలం మాత్రం వేల కొద్దీ కుర్జాలు అక్కడ దిగుతయి. కుర్జా అంటే కొంగ లెక్క పొడుగు కాళ్ల పిట్ట. బూడిద రంగు ఒళ్లు, నల్ల మెడ, కన్ను వెనక నుంచి జారే తెల్ల కుచ్చు. మంగోలియా, మధ్య ఆసియా దిక్కు నుంచి హిమాలయాలు దాటుకుని సెప్టెంబర్‌లో వస్తయి, మార్చి దాకా ఉంటయి. ఊరోళ్లు కంచె కట్టి ఒక జాగ విడిచిపెట్టినరు. దాన్ని చుగ్గా ఘర్ అంటరు. రోజూ అక్కడ గింజలు చల్లుతరు. ఊరి జైన కుటుంబాలు, బయట స్థిరపడ్డ ఊరోళ్లు, వచ్చిపోయేటోళ్లు గింజలకు పైసలిస్తరు. 1970ల నుంచి ఈ పద్ధతి నడుస్తున్నది. 2025లో ఖీచన్‌కు రామ్‌సర్ గుర్తింపు కూడా వచ్చింది.

పొద్దున ఒక ఇంటి డాబా మీద కూర్చుని చూసినం. ముందు చప్పుడు వచ్చింది, తర్వాత గీతలు గీతలుగా పిట్టలు వచ్చినయి. కంచె లోపల ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని నిలబడి తింటున్నయి. ఒక కుక్క అరిస్తే అన్నీ ఒక్కసారి లేచి, మళ్లీ ఒక్కసారి దిగినయి. ఇంటి అమ్మ మాకు చాయ్ ఇచ్చుకుంట చెప్పింది: అక్కడి పాటల్లో, దూర దేశం పోయిన మొగనికి ఆడోళ్లు కుర్జాతోనే కబురు పంపుతరట. పిట్టను చెల్లె అని పిలుస్తరట. మా లంబాడా చెల్లె ఆ మాట విని చానాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మనోళ్లు కూడా ఎద్దుల మీద గింజలు, ఉప్పు ఏసుకుని దేశాలు తిరిగినోళ్లే గదా, వాళ్ల ఇండ్లల్ల ఏం పాట పాడుకున్నరో మా అవ్వను అడగాలె" అన్నది.

భాష సంగతి ఇక్కడే చెప్తం. గోర్‌బోలి రాజస్థానీకి దగ్గరి భాష అని చదివినం. చెవులతో వినడం వేరు. నీళ్లను పాణి, చెట్టును ఝాడ్, రొట్టెను బాటి అనడం విని మా చెల్లెకు ముఖం వెలిగిపోయింది. అక్కడ బాటి అంటే ఉండగా కాల్చింది, తండాలో బాటి అంటే జొన్నరొట్టె. మాట అదే. రెండో రోజుకు మాకు సగం దుబాసీ ఆమెనే. మిగతా సగం మా హాస్టల్ హిందీతో నెట్టుకొచ్చినం.

తర్వాత జైసల్మేర్. సినిమాల్లో చూపించే ఇసుక దిబ్బలు ఈ ఎడారిలో కొంత భాగమే. మిగతాదంతా రాతి నేల, గుబురు గుబురుగా సేవణ్ గడ్డి, ముళ్ల పొదలు. రాత్రి చలికి దుప్పట్లు సరిపోవు, పగలు పన్నెండు దాటితే స్వెటర్ నడుముకు కట్టుకోవాలె. జీపు ఆగిన ప్రతి చోట మేం చెట్టు పేరు అడిగినం. ఆక్ అన్నరు, చూస్తే జిల్లేడు. బోర్డీ అన్నరు, చూస్తే మన రేగు లాంటిదే, పొట్టి పొద. ఖేజ్డీ అన్నరు, చూస్తే మన జమ్మి! దసరా నాడు ఆకు పంచుకునే జమ్మి. తెలంగాణకూ రాష్ట్ర వృక్షం అదే, రాజస్థాన్‌కూ అదే. అక్కడ దాని కాయను సాంగ్రీ అంటరు, ఎండబెట్టి కూర వండుతరు. ఆకు మేకలకు, నీడ మనుషులకు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊర్ల రాజు మనుషులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే, అమృతా దేవి ముందు నిలబడగా 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చినరు. జమ్మి చెట్టు కింద నిలబడి ఈ మాట వింటుంటే మా కోలాం తమ్ముడు చెప్పులు విడిచిండు. ఎవరూ చెప్పలేదు, విడిచిండు.

మూడో రోజు డెజర్ట్ నేషనల్ పార్క్. 3,162 చదరపు కిలోమీటర్లు, జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాలల్ల. 1980లో ప్రకటించినరు. పేరుకు నేషనల్ పార్క్, చట్టం ప్రకారం అభయారణ్యం. చీకటితోనే బయల్దేరి సుదాసరీ దిక్కు పోయినం. మా వెంట వచ్చిన పెద్దాయన గొర్రెల కాపరి, చలికాలం పిట్టలు చూపెడతడు. చెల్లె ఆయన్ని కాకా అని పిలిచింది, ఆయన ఆమెను బాయి అని పిలిచిండు. అటు తర్వాత మేమందరం కాకా అనే అన్నం.

కాకా ముందు నడుస్తుంటే మేం వెనక ఒకే వరుసలో నడిచినం. పొదకొకటి చొప్పున చిన్న పిట్టలు, తోక నల్లగా, ఒళ్లు ఇసుక రంగు. కదలకపోతే కనబడవు. పొద్దెక్కినంక నీటి గుంట దగ్గరికి ఇసుక రంగు పిట్టలు గుంపుగా వచ్చినయి, పావురాలంత ఉంటయి. ఎండాకాలం వీటిలో మగపిట్ట నీళ్లల్ల కూర్చుని పొట్ట ఈకలు తడుపుకుని, దూరంగా ఉన్న పిల్లల దగ్గరికి ఎగిరిపోతదట. పిల్లలు ఆ ఈకల నుంచి నీళ్లు చప్పరిస్తయట. మేం పోయింది చలికాలం కాబట్టి అది చూడలేదు, నీళ్లు తాగడమే చూసినం. చింకారా జింకలు, ఒక నక్క, రెండు రకాల గద్దలు కనబడ్డయి.

బట్టమేక పిట్టను ముందు కాకానే చూసిండు. చెయ్యి చాపలేదు, గడ్డంతో చూపించిండు. అక్కడ దాన్ని గోడావణ్ అంటరు, రాజస్థాన్ రాష్ట్ర పక్షి. చాలా దూరంలో గడ్డి మీద ఒక తెల్లటి మెడ నిలువుగా కదిలింది. నెత్తి మీద నల్ల టోపీ, గోధుమ రంగు వీపు. నడుస్తది, ఆగుతది, ఏదో ఏరుకుంటది, మళ్లీ నడుస్తది. మగది 15 కిలోల దాకా తూగుతది. ఎగిరే పిట్టల్లో ప్రపంచంలోనే బాగా బరువైన వాటిలో ఇదొకటి. బైనాక్యులర్ ముందు చెంచు అన్నకే ఇచ్చినం. అన్న చూసి చూసి, "తాత చెప్పినట్టే నడుస్తున్నది" అన్నడు. బైనాక్యులర్ మాకు ఇచ్చుడు మరిచిపోయిండు, మేమూ అడగలేదు. ఆ పిట్ట వెనక, ఆకాశం అంచున, గాలిమరలు వరుసగా తిరుగుతున్నయి. వాటి మధ్య కరెంటు తీగలు.

ఆ తీగలే ఇప్పుడు దాని ప్రాణాల మీదికి వచ్చినయి. బట్టమేక పిట్ట కండ్లు తలకు రెండు పక్కల ఉంటయి, ఎదురుగా సరిగ్గా కనబడదు. ఒళ్లు బరువు, గాలిలో చటుక్కున పక్కకు తిరగలేదు. తీగ దగ్గరికి వచ్చినంక చేసేదేం ఉండదు. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెడతది, అదీ నేల మీదనే. ఒక్క పిట్ట చచ్చినా లెక్క పూడదు. డెజర్ట్ పార్క్, దాని చుట్టుపక్కల 4,200 చదరపు కిలోమీటర్లల్ల అన్ని రకాల పిట్టలు కలిపి ఏడాదికి సుమారు 84,000 తీగల వల్ల చస్తయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 2021లో సుప్రీంకోర్టు ఈ ప్రాంతంలో తీగలను భూమిలోపలికి మార్చమన్నది. 2024 మార్చిలో ఆ ఉత్తర్వును మార్చి, ఎక్కడ మార్చొచ్చో తేల్చమని నిపుణుల కమిటీ వేసింది. కొన్ని తీగలకు గుండ్రటి బిళ్లలు వేలాడదీసినరు, గాలికి తిరిగి మెరుస్తయి, పిట్టకు ముందే కనబడాలని. సమ్‌లో, రామ్‌దేవ్‌రాలో గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే కేంద్రాలున్నయి. కంచెలు వేసిన చోట గడ్డి నిజంగనే బాగుంది, పిట్ట అక్కడే కనబడ్డది. ఇది కూడా చెప్పాలె.

ఇక మనుషుల సంగతి. ఈ పార్క్ గీత లోపల డెబ్బైకి పైగా ఊళ్లున్నయి. ఊళ్లు ముందు నుంచే ఉన్నయి, గీత తర్వాత వచ్చింది. కాకా ఇంట్ల సజ్జ రొట్టె, మజ్జిగ తిన్నం. రోడ్డు పడాలన్నా, కరెంటు రావాలన్నా, గట్టి ఇల్లు కట్టాలన్నా అనుమతుల చుట్టూ తిరగాలె. "కంచె కట్టేముందు మమ్మల్ని అడగలేదు. గోడావణ్ మా గొర్రెల మధ్యనే తిరిగేది, మాకు దానితో కొట్లాట లేదు" అన్నడు కాకా. తర్వాత అన్నడు: "గోడావణ్ ఉందంటే గడ్డి ఉన్నట్టు. గడ్డి ఉంటే మా గొర్రెలు ఉన్నట్టు. అది పోయిన ఊర్ల మేం కూడా ఎక్కువ రోజులు ఉండం."

ఇది వింటున్నప్పుడు మాలో ఎవరికి ఏం గుర్తొచ్చిందో వేరే చెప్పక్కర లేదు. మాలో ముగ్గురి ఊళ్లు పులుల అడవి గీత లోపలనో, గీత అంచుననో ఉన్నయి. ఊరు లేస్తే ఇంత డబ్బు, ఇంత భూమి అనే మాటలు మా ఇండ్లల్ల నడుస్తున్నయి. కోలాం తమ్ముడు హిందీలో మెల్లగా అడిగిండు: "కాకా, మిమ్మల్ని లేచి పొమ్మంటే పోతరా?" కాకా వెంటనే జవాబు చెప్పలేదు. "నా కొడుకు పోతా అంటడు. నేను పోను" అన్నడు. మా ఇండ్లల్ల కూడా జవాబు ఇట్లనే రెండు ముక్కలుగా ఉంది.

చివరి రోజు చూసిందే మమ్మల్ని ఈ పోస్టు రాయించింది. కాకా మమ్మల్ని ఒక ఓరణ్‌కు తీస్కపోయిండు. ఓరణ్ అంటే దేవుడి పేరు మీద విడిచిపెట్టిన మేత భూమి, చెట్లు, చెరువు. అరణ్యం అనే మాట నుంచే ఆ పేరు వచ్చిందంటరు. అక్కడ గొడ్డలి పెట్టొద్దు. మేపుకోవచ్చు, రాలిన కట్టె, కాయ కసరు ఏరుకోవచ్చు. చెట్టు కొడితే దేవతకు కోపం. కొన్ని ఓరణ్‌లు వందల ఏండ్ల నాటివి. మేం చూసినదాంట్లో ఒంటెలు మేస్తున్నయి, చిన్న చెరువు దగ్గర నీటి పిట్టలు, జమ్మి చెట్ల మీద రాబందులు. రాబందులు! మేం లెక్కపెట్టినవే పంతొమ్మిది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు వల్ల దేశమంతా రాబందులు పోయినయి, 2006లో పశువులకు ఆ మందు వాడొద్దని నిషేధించినరు. మన కుమ్రం భీం జిల్లాలో బెజ్జూరు దిక్కు పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్లు ఉన్నయని 2013లో బయటపడితే ఎంత సంబరపడ్డమో గుర్తుందిగా. ఇక్కడ అవి ఊరి గుడి పక్కనే కూర్చున్నయి.

మాకు గోండు పల్లెల్లో పేన్‌ల జాగలు గుర్తొచ్చినయి. కొత్తలు పెట్టందే కొత్త పంట, కొత్త కాయ ముట్టొద్దనే మన కట్టు గుర్తొచ్చింది. మన దగ్గర చాలా ఊళ్లల్ల ఆ జాగల పూజ కోలాం పూజారి చేతుల మీదుగనే జరుగుతది కాబట్టి, హద్దులు ఎక్కడెక్కడ ఉన్నయో వాళ్ల పెద్దలకే బాగా తెలుసు. ఎడారోళ్లు, అడవోళ్లు ఒకరినొకరు చూడకుండనే ఒకే కట్టు పెట్టుకున్నరు.

ఓరణ్ అంచున కొత్త స్తంభాలున్నయి. అవతల సోలార్ పలకలు కంటి చూపు ఆగేదాకా. ఎందుకిట్ల అని అడిగితే కాకా ఒక్క మాట అన్నడు: "కాగితంలో ఇది బంజర్." మన మాటే. బంజరు. దేవుడి భూమి, మేత భూమి, రాబందుల భూమి అని ఊరందరికీ తెలుసు. చాలా ఓరణ్‌లు రెవెన్యూ రికార్డులో మాత్రం ఓరణ్ అని ఎక్కలేదు, ఖాళీ సర్కారు భూమి అని ఉంది. ఖాళీ భూమి అయితే ఎవరికైనా ఇవ్వొచ్చు. మా చెల్లె నవ్వుకుంట, "బంజారాలకైనా, కాకాకైనా రాసేది బంజరే" అన్నది. అందరం నవ్వినం గానీ ఎక్కువసేపు నవ్వలేకపోయినం.

సోలార్ వద్దని మేం అంటలేము. హాస్టల్‌లో మా ఫోన్లు చార్జింగ్ అయ్యేది కరెంటుతోనే. బొగ్గు కోసం లేచిన ఊళ్లు కూడా మన దిక్కు ఉన్నయి. ఏ జాగలో పెడుతున్నరు, ఆ జాగ ఎవరిదని రాసి ఉంది, రాసేటప్పుడు ఎవరిని అడిగినరు, మా ప్రశ్న అంతే. అక్కడి పశువుల కాపరులు ఊరికే కూర్చోలేదు. ఓరణ్ హద్దుల వెంట రోజుల తరబడి నడిచినరు, మ్యాపులు గీసినరు, చచ్చిన పిట్టలను ఫోటో తీసి తేదీతో సహా దాచిపెట్టినరు, కోర్టుకు పోయినరు. 2024 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు రాజస్థాన్‌లోని ఇలాంటి పవిత్ర వనాలన్నిటినీ నేల మీద తిరిగి, ఉపగ్రహ చిత్రాలతో సర్వే చేసి గుర్తించమని ఆ రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పింది. అంతటితో అంతా అయిపోలేదు. కానీ బంజరు అనే మాట మీద గీత పడింది.

మన సంగతికి వస్తం. వాళ్ల ఓరణ్ చాలా వరకు రెవెన్యూ భూమి, మనది అడవి, చట్టాలు వేరు. కాగితం సంగతి మాత్రం ఒకటే. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరికి సామూహిక అడవి వనరుల మీద హక్కు అడగొచ్చు, దానికి ఫారం-సి ఉంది. మనలో చాలామందికి పోడు పట్టా సంగతి తెలుసు గానీ, ఊరంతటికీ కలిపి అడవిని కాపాడుకునే హక్కు కూడా అందులో ఉందని తెలువదు. 2008 నియమాల్లో 13వది చదవండి. ఆధారం అంటే ఆఫీసు కాగితమే అక్కర లేదు. పెద్దమనుషులు చెప్పింది రాసి పెడితే అది ఆధారం. మేత భూములు, గడ్డలు తవ్వుకునే చోట్లు, నీళ్ల చెలిమెలు ఆధారం. దేవుడి చెట్లు, వనాలు, చెరువులు, బొందలగడ్డలు ఆధారం. ఇట్లాంటివి ఒకటి కంటే ఎక్కువ ఉండాలె. అంటే మన అవ్వలు, తాతలు రోజూ చెప్పేదంతా ఆధారమే. రాయకపోవడమే మిగిలింది. వాళ్లేమో ఒక్కొక్కరే వెళ్లిపోతున్నరు. ఈ ఏడాది మాలో ఇద్దరి ఇండ్లల్ల తాతలు పోయినరు.

మరి పిట్టలు ఎందుకు అంటే, పెద్దోళ్లను "హద్దులు చెప్పు తాతా" అంటే అనుమానంగా చూస్తరు. "ఈ పిట్టను మన మాటల ఏమంటరు తాతా" అంటే కూర్చోబెట్టి చెప్తరు. పిట్ట పేరు నుంచి అది గూడు పెట్టే చెట్టు, చెట్టు నుంచి ఆ వాగు, వాగు నుంచి దాని దేవుడు, అట్ల హద్దు దాకా మాట దానంతటదే పోతది. గోండిలో పిట్టను పిట్టె అంటం, నెమలిని మల్ అంటం. ఈ రెండు చెప్పినంక మాలో గోండు పిల్లలమే పదో పేరు దగ్గర ఆగిపోయినం. మా అమ్మలు ముప్పై దాటినా ఆగలేదు.

అందుకే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టినం. ఎండాకాలం సెలవులకు ఊరికి పోయేటోళ్లు ఇవి అడిగి రాయండి: పిట్ట పేరు మన భాషలో, మన పలుకుబడిలో, తెలుగు లిపిలోనే. ఏ నెలలో వస్తది, ఏ నెలలో పోతది. ఏ చెట్టు మీద గూడు పెడతది. దాని మీద కథ, పాట, శకునం. ఏ నెలలో దాన్ని పట్టొద్దని పెద్దలంటరు. గులేర్లు, వలలు మన దగ్గరా ఉన్నయి, దాచుకునేది ఏం లేదు, అదీ రాయండి. చెప్పినోళ్ల పేరు, ఊరు, తేదీ, వాళ్లు ఒప్పుకుంటేనే.

రెండు జాగ్రత్తలు. గూళ్లున్న జాగ, ముఖ్యంగా రాబందులవి, గ్రూపులో లొకేషన్‌తో పెట్టొద్దు. దేవుడి జాగల ఫోటోలు, హద్దులు పూజారిని, ఊరి పెద్దలను అడగకుండా బయట పెట్టొద్దు. అది ముందు గ్రామసభ చేతికి పోవాలె, ఆ తర్వాతనే మన చేతికి.

ఇప్పటికి మా నోట్‌బుక్‌లో నాలుగు భాషల్లో కలిపి నలభై ఒక్క పేర్లు ఉన్నయి. బట్టమేక పిట్టకు చెంచులు ఏమంటరో అన్న వాళ్ల అవ్వను అడిగి వస్తా అన్నడు, ఆ గడి ఖాళీగా ఉంచినం. కోలామీలో మాకు ఆరే పేర్లు దొరికినయి, కోలాం అక్కలు, అన్నలు కామెంట్లల్ల రాయండి. కోయ, నాయకపోడు, తోటి, సవర, ఎరుకల పిల్లలు ఎవరున్నా మీ గడి మీరే గీసుకోండి. తప్పుల్లేకుండా రాయాలని ఆగొద్దు. ఒక్క పేరైనా పంపండి.